'నేను' అంటున్నది ఎవరు?

రాప్ పాటను మెచ్చుకోవాలంటే కుర్రాళ్లు మొదట వాడే మాట 'రియల్'. తిట్టాలంటే 'ఫేక్'. బీట్ ఎలా ఉంది, ప్రాస కుదిరిందా అన్నవి ఆ తర్వాతే. ముందు తేలాల్సింది వీడు చెప్తున్నది వీడి బతుకేనా అన్న సంగతి. సినిమా పాటకు ఈ పరీక్ష ఎవరూ పెట్టరు. 2024లో 'దేవర' సినిమాలోని 'చుట్టమల్లే' ఊరూరా మోగింది. తెర మీద పెదవులు జాన్వీ కపూర్‌వి, గొంతు శిల్పా రావుది, మాటలు రామజోగయ్య శాస్త్రివి, బాణీ అనిరుధ్‌ది. ఆ వలపు ఈ నలుగురిలో ఎవరిదని అడిగినవాడు లేడు. శిల్పా రావు జంషెడ్‌పూర్‌లో పుట్టిన తెలుగింటి ఆడపడుచు. 'జవాన్'లోని 'చలేయా' పాటకు జాతీయ పురస్కారం కూడా అందుకున్నారు. ప్రేమించింది తానేనని ఆమె ఎవరికీ రుజువు చూపించాల్సిన పని పడలేదు. అదే జంషెడ్‌పూర్‌లో సాక్చీ బజారు వెనక సందులోంచో, మాంగో వంతెన అవతల నుంచో ఒక కుర్రాడు మైకు ముందు నిలబడి 'నేను' అని అందుకున్నాడనుకోండి, వినేవాడు వెంటనే సాక్ష్యం అడుగుతాడు. ఏ బస్తీ నీది? నువ్వు చూశావా? నీ మాటలు నువ్వే రాసుకున్నావా? ఊరు ఒకటే, మైకు ఒకటే, కంప్యూటరు ఒకటే. ఒక గొంతుకు నటించే హక్కు ఉంది, ఇంకో గొంతుకు లేదు. ఈ తేడా ఎక్కడిది, అది నిలబడేదేనా అని తరచి చూస్తే సంగీతం పక్కకు పోయి, మన తర్కశాస్త్రాలు వందల ఏళ్లు తలపట్టుకున్న ప్రశ్న ఎదురవుతుంది: మాటకు నిజం ఎక్కడి నుంచి వస్తుంది?

పూర్వమీమాంసకులు దీనికి చెప్పిన జవాబు వింటే ఇప్పటికీ విస్తుపోవాల్సిందే. మాటలోకి అబద్ధం వచ్చేది మాట్లాడేవాడి వల్ల. వాడు పొరబడవచ్చు, ఏమరుపాటున ఉండవచ్చు, మోసం చేయాలనుకోవచ్చు, వాడి కన్నో చెవో సరిగా పనిచేయకపోవచ్చు. భ్రమ, ప్రమాదం, విప్రలిప్స, కరణాపాటవం అని ఈ నాలుగు లోపాలకు పేర్లు కూడా ఉన్నాయి. మాట్లాడేవాడే లేకపోతే నాలుగింటికీ చోటు లేదు. కాబట్టి ఎవరూ రచించని, అంటే అపౌరుషేయమైన, వేదం తనంతట తానే ప్రమాణం అన్నారు వాళ్లు. రాప్ దీనికి సరిగ్గా తలకిందులు. ఇక్కడ మాటకు ఉన్న పూచీ అంతా మాట్లాడేవాడే. అందుకే పాట అందుకుంటూనే పేరు చెప్పుకుంటాడు, పేట చెప్పుకుంటాడు, ఏ మలుపు దగ్గర ఎవరు కొట్టారో కూడా చెప్పుకుంటాడు. మనిషి లేకపోవడమే నిజానికి హామీ అని ఒకరు, మనిషి ఉండటమే హామీ అని ఇంకొకరు. ఈ రెండు కొసల మధ్య నిలబడ్డవాళ్లు నైయాయికులు. గౌతముడి న్యాయసూత్రాల ప్రకారం ఆప్తుడు చెప్పిన మాటే శబ్దప్రమాణం. ఆప్తుడంటే ఎవరో వాత్స్యాయనుడు భాష్యంలో విడమరిచాడు: విషయాన్ని తాను నేరుగా ఎరిగినవాడు, ఎరిగినదాన్ని ఎరిగినట్టే ఎదుటివాడికి తెలియజెప్పాలన్న కోరికతో నోరు విప్పినవాడు. ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమేనని కూడా ఆయనే అన్నాడు. పుట్టుకా చదువూ షరతులు కావు. గొంతు మాధుర్యం ప్రస్తావనకే రాలేదు. నా వాదనంతా ఈ నిర్వచనం మీదే. చూసింది ఎవరు, చెప్పాలన్న కోరిక ఎవరిది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే, స్టూడియోలో ఎన్ని పొరలు వేసినా షూటింగులో పెదవులు ఎంత ఆడించినా ఆ పాట అబద్ధం కాదు. జవాబు దొరకకపోతే వీధి దీపం కింద మైకు లేకుండా పాడినా అబద్ధమే.

ముందుగా స్టూడియోలోకి వెళ్దాం, 'రియల్' వాదానికి గట్టి దెబ్బ తగిలేది అక్కడే కాబట్టి. వినేవాడికి ఒక మనిషి ఒక్క ఊపున కడుపులోది కక్కినట్టుండే పదహారు పంక్తుల చరణం నిజానికి ముక్కలు ముక్కలుగా పుడుతుంది. కుర్రాడు కండెన్సర్ మైకుకు జానెడు దూరంలో నిలబడతాడు. 'ప', 'భ' లాంటి అక్షరాల గాలి నేరుగా తగలకుండా మధ్యలో పలచటి తెర. నాలుగు పంక్తులకే ఊపిరి అయిపోతుంది, ఆపుతారు. అయిదో పంక్తి నుంచి మళ్లీ అందుకుంటాడు. దాన్ని పంచ్-ఇన్ అంటారు. ఒకే చరణాన్ని పలుమార్లు చెప్పించి, ఒక టేకులోంచి మొదటి పంక్తి, ఇంకో టేకులోంచి మూడో పంక్తి ఏరి అతుకుతారు. తర్వాత అదే చరణాన్ని మళ్లీ చెప్పించి అసలు గొంతు కింద పరుస్తారు, అది డబుల్. కొందరు చరణమంతా డబుల్ వేయరు. పంక్తి చివర ప్రాస పడే రెండు మూడు మాటలకే వేస్తారు, ఆ మాట మీద పదిమంది ఒక్కసారి పడ్డట్టు ఉంటుందని. ఎడమ చెవిలో ఒక అదిలింపు, కుడి చెవిలో ఒక నవ్వు, వెనక ఎక్కడో పంక్తి తోక పట్టుకుని తిరగ పలికే గొంతు, ఇవి యాడ్-లిబ్‌లు. బుర్రకథలో కథకుడికి ఇరుపక్కల నిలబడే వంతలు చేసే పని ఇదే, ఒకరు హాస్యానికి, ఒకరు రాజకీయానికి. ఇక్కడ ముగ్గురూ ఒక్కడే. తెలుగులో చెప్పేవాడికి అదనంగా ఒక చిక్కుంది. మన మాటలు చాలామటుకు అచ్చుతో ముగుస్తాయి, అచ్చు సాగుతుంది, సాగితే దెబ్బ మెత్తబడుతుంది. అందుకని పంక్తి చివరి అచ్చును గొంతులోనే తుంచేస్తారు. గాయకుడు తుంచకపోతే ఇంజనీరు తుంచుతాడు. 'స', 'ష'ల బుస తగ్గించడానికి డీ-ఎసర్, గుసగుసకూ అరుపుకూ మధ్య ఎత్తుపల్లాలు సర్దడానికి కంప్రెసర్. ఇక మూడ్ అంటారా, అర్ధరాత్రి చెవి దగ్గర చెప్తున్నట్టుండే ఆ దగ్గరితనం కూడా చేతిపనే. స్టూడియోల్లో సాధారణంగా వాడే మైకులకు ఒక గుణం ఉంది, నోరు దగ్గరయ్యేకొద్దీ గొంతులో మంద్రం పెరుగుతుంది. అందుకే కోపంతో ఉన్న చరణానికి ఒకడుగు వెనక్కి జరుగుతాడు, దిగులు చరణానికి దాదాపు మైకును ఆనుకుంటాడు. ఆ దిగులు ఎక్కడ పుట్టిందని అడిగితే గుండెలో అని అతనంటాడు, రెండంగుళాల దూరంలో అని ఇంజనీరు అంటాడు.

ఇద్దరూ నిజమే చెప్తున్నారు. కానీ ఇన్ని చూశాక "ఇంకెక్కడి రియల్, అంతా మాయే" అని చేతులు దులుపుకునేవాళ్లు ఎక్కువ. వాళ్ల లెక్కలో మెరుగులు దిద్దని పచ్చి గొంతు ఒకటి ఎక్కడో ఉంటుంది, దాన్ని యంత్రాలు పాడుచేశాయి. అలాంటి గొంతు ఉయ్యాల్లో పిల్లకు తప్ప ఎవరికీ లేదు. అపౌరుషేయమైన వేదాన్ని పలకడానికే శిక్ష అని ఒక శాస్త్రం అవసరమైంది. స్వరం ఎక్కడ లేవాలి, మాత్ర ఎంత సాగాలి, ఏ అక్షరానికి ఎంత బలం పెట్టాలి అన్నదంతా ఏళ్ల తరబడి నేర్పారు. గొంతు శ్రుతిని సరిచేసే ఆటో-ట్యూన్‌ను తిట్టేవాళ్లకు దాని పుట్టుపూర్వోత్తరాలు ఆసక్తిగా ఉంటాయి. దాన్ని 1997లో తెచ్చిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు కంపెనీల కోసం భూమిలోకి పంపిన తరంగాల ప్రతిధ్వనులను లెక్కగట్టే పనిలో ఉన్నవాడు. భూమి లోపల ఏముందో పసిగట్టే గణితమే గొంతులో శ్రుతి ఎక్కడుందో పసిగట్టింది. మరుసటి ఏడే షేర్ పాడిన 'బిలీవ్' ఆ పరికరాన్ని దాచడం మానేసి బయటపెట్టింది. దీనికి ఎదురుగా నిలబెట్టదగ్గ పాట కాన్యే వెస్ట్‌ది. 2002 అక్టోబరులో కారు ప్రమాదంలో దవడ విరిగితే తీగలతో బిగించారు. ఆ తీగలు ఉండగానే అతను 'త్రూ ద వైర్' రికార్డు చేశాడు. నోరు పూర్తిగా తెరుచుకోక నలిగిన హల్లులు అందులో వినిపిస్తాయి. గొంతే సాక్ష్యం అనేవాళ్లకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. అయితే ఆ నలిగిన హల్లుల్ని దవడ బాగున్నవాడు కూడా నాలుగు రోజులు సాధన చేస్తే పలకగలడు. అప్పుడు చప్పుడు అదే, నిజం మాత్రం ఉండదు. చప్పుడు తనకు తాను సాక్ష్యం చెప్పుకోలేదు. అతని పాటను నిలబెట్టింది ప్రమాదం అతనికి జరిగిందన్నది, నోరు తెరవలేని స్థితిలోనూ చెప్పి తీరాలనుకున్నాడన్నది. వాత్స్యాయనుడు అడిగిన రెండూ అవే. డబుళ్లూ కంప్రెసర్లూ ఈ రెండోదానికి, అంటే చెప్పాలన్న కోరికకు, పనిముట్లు. అర్జీని గుమస్తా చేత నీటుగా టైపు చేయించినంత మాత్రాన ఫిర్యాదు బూటకమైపోదు కదా.

అయితే గుమస్తా అర్జీ కిందున్న సంతకం మార్చేస్తే? అసలు చిక్కు ఇక్కడుంది, రాప్ చరిత్ర మొదటి పేజీలోనే ఉంది. రేడియోల్లో పెద్ద విజయం సాధించిన తొలి రాప్ రికార్డు 1979 నాటి 'రాపర్స్ డిలైట్'. పాడిన ముగ్గురిలో ఒకడైన బిగ్ బ్యాంక్ హ్యాంక్ అప్పట్లో పిజ్జా దుకాణంలో పనిచేస్తూ, బ్రాంక్స్‌లో పేరున్న గ్రాండ్‌మాస్టర్ క్యాజ్ బృందం వ్యవహారాలు చూసేవాడు. క్యాజ్ నోటుపుస్తకం తీసుకుని అందులోని పంక్తుల్ని తనవిగా చెప్పేశాడు. మాటకు మాట ఎంత అప్పగించాడంటే, క్యాజ్ తన మారుపేరు కాసనోవాను అక్షరం అక్షరం విడమరిచి చెప్పుకున్న చోటును కూడా మార్చకుండా తన నోటితో పలికాడు. దొంగసొత్తు మీద యజమాని పేరు అలాగే ఉండిపోయింది. క్యాజ్‌కు ఆ పాట మీద పేరూ రాలేదు, డబ్బూ రాలేదు. 'నేను రియల్' అన్న కళ లోకానికి పరిచయమైంది అరువు 'నేను'తో.

దీన్ని రామదాసు కీర్తనల పక్కన పెట్టి చూడాలి. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ము భద్రాచలం గుడికి ఖర్చుపెట్టి, తానీషా ఏలుబడిలో గోల్కొండ చెరలో పడ్డాడు. ఆ కీర్తనల్లో 'నేను' గాల్లో తేలే భక్తుడు కాదు, దానికి చిరునామా ఉంది. ఏ నగ చేయించాడో, దానికి ఎంతైందో లెక్క చెప్తాడు, దేవుణ్ని నిలదీస్తాడు, నోరు జారినందుకు మళ్లీ కాళ్లమీద పడతాడు. పేరు, ఊరు, డబ్బు, దెబ్బలు, కక్ష: రాప్ వాళ్లు తమ సొంతమనుకునే సరుకంతా 17వ శతాబ్దంలోనే ఉంది. భద్రాచలం నుంచి జంషెడ్‌పూర్ బిష్టుపూర్‌లో తెలుగువాళ్ల రామమందిరం దాకా, మనవాళ్లు భజనకు కూర్చునే ఏ చోటైనా ఆ 'నేను'ను పాడేది చెర మొహం చూడనివాళ్లే, నగ చేయించనివాళ్లే, మైకులో ఎకో కాస్త ఎక్కువే పెట్టుకుని. వాళ్లను అబద్ధాలకోరులనే ధైర్యం ఎవరికీ లేదు, అనాల్సిన పనీ లేదు. కీర్తన చివర ముద్ర ఉంది కాబట్టి. ఎవరి గొంతులో పలికినా చూసినవాడి పేరు అక్కడే ఉంటుంది. పాడేవాడు ఆ సాక్ష్యాన్ని మోస్తున్నాడని అందరికీ తెలుసు. క్షేత్రయ్య పదాల్లో మాట్లాడేది ఆడమనిషే అయినా రాసింది మగవాడని దాపరికం లేనట్టే. అరువు తెచ్చుకోవడం తప్పు కాదన్నమాట. యజమానిని చెరిపేయడం తప్పు. రాప్‌లో ఇతరుల చేత రాయించుకోవడాన్ని మహాపాపంగా చూస్తారు గానీ ఆ పాపంలో నాకు కనిపించే పాలు దాపరికంలోనిదే. రాసినవాడి పేరు వేస్తే మిగిలేది పాత్రపోషణ, దానికి బుర్రకథంత వయసుంది.

ఇదే పరీక్ష ఇటీవలి వింతకూ సరిపోతుంది. 2024 ఏప్రిల్‌లో కెండ్రిక్ లామర్‌తో పాటల తగాదా నడుస్తున్నప్పుడు డ్రేక్ విడుదల చేసిన ఒక పాటలో రాపర్ టుపాక్ గొంతు వినిపించింది. టుపాక్ చనిపోయింది 1996లో. కృత్రిమ మేధతో తయారైన ఆ గొంతు మీద టుపాక్ వారసత్వ సంస్థ అభ్యంతరం చెప్పడంతో పాటను తీసేశారు. హ్యాంక్ చేసింది ఇక్కడ తిరగబడింది: అక్కడ మాట ఒకరిది, గొంతు పలికినవాడిదే, ఇక్కడ గొంతు చచ్చిపోయినవాడిది, మాట బతికున్నవాడిది. చెవికి ఆ గొంతు ఎంత నమ్మకంగా ఉన్నా లాభం లేదు, ఎందుకంటే టుపాక్ ఆ తగాదాను చూడలేదు, దాని గురించి ఏమీ చెప్పాలనుకోలేదు. మీమాంసకుణ్ని ఇరుకున పెట్టాలనుకునే కొంటె శిష్యుడు ఇక్కడొక ప్రశ్న వేయవచ్చు: యంత్రం అల్లిన పాటకు వక్త లేడు కదా స్వామీ, మరి అది అపౌరుషేయమా? కాదంటాడు గురువు. అది నిత్యం కాదు, నిన్న పుట్టింది; పైగా లక్షలమంది మనుషుల గొంతుల్ని నమిలి ఉమ్మింది. మనిషి దోషాలన్నీ అందులో ఉన్నాయి, అడిగితే జవాబు చెప్పే మనిషి మాత్రం లేడు.

వీడియో సంగతికి వస్తే సమస్య ఇంకా ముదురుతుంది. చెవి మోసపోతే కన్ను పట్టుకుంటుందని మన నమ్మకం, షూటింగు ఆ నమ్మకం మీదే నడుస్తుంది. సెట్టు మీద పాట స్పీకర్లలో మోగుతుంటుంది, కుర్రాడు పెదవులు కలుపుతాడు. అతని అసలు గొంతు ఎవరికీ అక్కర్లేదు. బరువైన బీటుకు తగ్గట్టు గుంపు మధ్యలోంచి నింపాదిగా నడిచొస్తూ, పెదవులు మాత్రం పాటతో సరిగ్గా కలిసే షాట్లు చూసే ఉంటారు. అది ఎలా తీస్తారంటే, సెకనుకు 24 ఫ్రేముల బదులు 48 తీస్తూ, సెట్టు మీద పాటను రెట్టింపు వేగంతో మోగిస్తారు. కుర్రాడు ఊపిరి సలపకుండా ఆ రెట్టింపు వేగానికి నోరు ఆడించాలి. తర్వాత మామూలు వేగంతో చూపిస్తే ఒళ్లూ పొగా దుమ్మూ నెమ్మదిస్తాయి, పెదవులు పాటకు అతుకుతాయి. తెర మీద ఆ తొణకని ధీమా వెనక ఉన్నది ఆయాసం. తొమ్మిదో శతాబ్దపు శ్రీశంకుకుడు నాటకం గురించి చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది. రాముడి వేషం కట్టిన నటుణ్ని చూసేటప్పుడు కలిగే తెలివిడి నిజమూ కాదు, అబద్ధమూ కాదు, అనుమానమూ కాదు, పోలికా కాదు. బొమ్మలో గుర్రాన్ని చూసి గుర్రం అనుకోవడం లాంటిది అన్నాడాయన. సినిమా పాటకు ఈ సూత్రం చక్కగా అతుకుతుంది, అందుకే 'చుట్టమల్లే'తో మనకు పేచీ లేదు. రాప్ వీడియో మాత్రం గుర్రం బొమ్మ వేసి, ఎక్కి చూడమంటుంది. 1982లో వచ్చిన 'ద మెసేజ్' న్యూయార్క్ పేదవాడల కడగండ్లకు అద్దం పట్టిన పాటగా పేరుకెక్కింది. 2002లో అమెరికా జాతీయ రికార్డింగుల భాండాగారంలో చేరిన తొలి హిప్‌హాప్ రికార్డు అదే. అందులో కొంత భాగం రాసి పలికింది డ్యూక్ బూటీ. వీడియోలో అతని పంక్తులకు వీధిలో నిలబడి పెదవులు కలిపింది రహీమ్ అనే మరొకడు. రాప్‌లో 'రియల్'కు కొలబద్దగా నిలబెట్టే పాటలోనే నోరు ఒకడిది, గొంతు ఒకడిది. దీనితో ఆ పాట అబద్ధమైందా? వాడల కష్టం గురించి కాలేదు. ఆ కష్టాన్ని ఎరిగి చెప్పాలనుకున్నవాడు ఉన్నాడు. డ్యూక్ బూటీ గురించి మాత్రం ఆ వీడియో అబద్ధం ఆడింది. ఒకే పాట ఒక సంగతిలో ఆప్తవాక్యం, ఇంకో సంగతిలో కాదు. 'రియల్', 'ఫేక్' అన్న రెండే గదుల్లో దీన్ని కూర్చోబెట్టలేం.

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాల్లో బరువైనది న్యాయస్థానానిది. పాటను సాక్ష్యమంటే రేపు పోలీసులు కూడా అదే అంటారు, ఒప్పుకోలు వాంగ్మూలంగా తీసుకుంటారు. ఇది ఊహ కాదు. అమెరికాలోని జార్జియాలో రాపర్ యంగ్ థగ్ మీద నడిచిన కేసులో కొన్ని పాటల పంక్తుల్ని జ్యూరీ ముందు పెట్టడానికి 2023లో జడ్జి అనుమతించారు. కాలిఫోర్నియా అంతకు ఏడాది ముందే ఇలాంటి వాడకానికి కళ్లెం వేస్తూ చట్టం చేసింది. నా మొగ్గు కాలిఫోర్నియా వైపే, అలాగని సాక్ష్యం అన్న మాటను వదులుకోను. నైయాయికులు మాట అర్థం తేల్చడానికి తాత్పర్యం చూడాలన్నారు. మీసాలు పెంచి కవులకు సవాలు విసిరిన తిరుపతి వేంకట కవుల ధాటిని మనం దౌర్జన్యంగా లెక్కపెట్టం. అది సభ మర్యాద. రాప్‌లో బడాయి కూడా అంతే, ఎదుటివాణ్ని నరుకుతానన్న పంక్తి పోటీలో వేసే ఎత్తు. దాని పక్కనే, నాన్న షిఫ్టు నుంచి ఏ రంగు మొహంతో ఇంటికొస్తాడో చెప్పే పంక్తి ఉంటుంది. ఒకటి ఎత్తుగడ, ఒకటి సాక్ష్యం. రెండింటినీ విడదీసేది వినే చెవి, దానికి పాటంతా కావాలి. జ్యూరీ చేతికి ఇచ్చే కాగితంలో బీటూ ఉండదు, పక్క పంక్తీ ఉండదు.

ఇప్పుడు జంషెడ్‌పూర్‌లోనే కెమెరా పెడదాం. 1907లో మొదలైన టాటా ఉక్కు కంపెనీ, 1912లో తొలి ఉక్కు దిమ్మె, 1919లో ఊరికి జంషెట్జీ టాటా పేరు. రాప్ వీడియోకు సరిపడా దృశ్యం ఏ వైపు తిప్పినా ఉంది: పొగగొట్టాలు, రాత్రిళ్లు ఎర్రబారే ఆకాశం, సుబర్ణరేఖ, ఖర్కాయి కలిసే దోముహాని, వెనక దల్మా కొండలు. ఆ దృశ్యం పాటకు ఊరికే బరువిస్తుంది. ప్రమాదమూ అదే. కొలిమి ముందు నిలబడితే కష్టం ఎరిగినట్టే కనిపిస్తుంది. చూడకుండా చూసినట్టు అనిపించే శక్తి మాటకన్నా దృశ్యానికే ఎక్కువ. ఈ నేల మీద దీనికి పాత విరుగుడు ఒకటి ఉంది. పక్కనున్న సరాయికెలాలో ఛౌ నర్తకుడు మొహానికి ముసుగు వేసుకుంటాడు. ముసుగులో ఊపిరి ఆడటం కష్టం కాబట్టి ఒక్కో అంశం కొద్ది నిమిషాలే, నర్తకుడు నోరు విప్పడు, మొహంలో ఏ భావమూ కనిపించదు. ఉన్నదంతా మెడ విరుపులో, అడుగులో పలకాలి. 2010లో యునెస్కో జాబితాకెక్కిన ఆ నాట్యంలో 'నేనే ఇది' అని ఎవరూ నమ్మించబోరు. ముసుగు ముసుగుగానే కనబడుతుంది, కాబట్టి మోసం లేదు. రాప్ వీడియో సొంత మొహాన్నే ముసుగుగా తొడుక్కుంటుంది.

అందుకే చూసినవాడెవరన్న ప్రశ్న ఈ ఊళ్లో అలంకారానికి అడిగేది కాదు. 1948 జనవరి 1న పక్కనే ఉన్న ఖర్సావాఁలో, ఆ సంస్థానాన్ని ఒరిస్సాలో కలపడాన్ని వ్యతిరేకిస్తూ చేరిన ఆదివాసుల మీద కాల్పులు జరిగాయి. ఎంతమంది పోయారన్న లెక్క మీద సర్కారు కాగితానికీ జనం జ్ఞాపకానికీ ఇప్పటికీ పొంతన లేదు. ఏటా ఆ తేదీన అమరుల స్థలం దగ్గర జనం చేరతారు. ఇవాళ ఇరవై ఏళ్ల హో తెగ కుర్రాడు ఒకడు దాని మీద పాట కట్టి, తుపాకీ ముందు నిలబడ్డది తానే అన్నట్టు 'నేను' అని చెప్పాడనుకుందాం. అతను చూడలేదు. నిర్వచనాన్ని అక్షరాలా పట్టుకుంటే ఆప్తుడు కాడు. కానీ రామదాసు చెరను పాడేవాడి విషయంలో ఒప్పుకున్నది ఇక్కడా ఒప్పుకోవాలి: చూసినవాళ్ల నుంచి నోటి వెంట నోరుగా వచ్చిన సాక్ష్యాన్ని, అది ఎవరిదో చెరపకుండా మోస్తే అతని 'నేను' చెల్లుతుంది. ఎలా మోయాలన్నది స్టూడియో నేర్పుతుంది. ఆ రోజును తన పెద్దల దగ్గర విన్న ముసలావిడ గొంతును పాట మొదట్లో ఉంచవచ్చు. చరణం కింద ఒక్క తన గొంతుతో డబుల్ వేసే బదులు ఆ ఊరివాళ్ల గొంతుల్ని పరచవచ్చు. వీడియోలో వాళ్లను వెనక నిలబెట్టిన గుంపుగా వాడకుండా పేర్లు వేయవచ్చు. అప్పుడు ఒక గొంతును పదిమందిగా వినిపించే ఆ పొరల పనికి అర్థం మారుతుంది, వినిపిస్తున్న పదిమందీ నిజంగా ఉన్నారు కాబట్టి. మరి అదే పాటను, అంతే శ్రద్ధగా, అవే పేర్లు వేసి, తాతల నాడు శ్రీకాకుళం నుంచి వలస వచ్చి కంపెనీ క్వార్టర్లో పుట్టిన తెలుగు కుర్రాడు 'నేను' అని చెప్తే? మాట నిజమా కాదా అన్నంత వరకు వాత్స్యాయనుడి దగ్గర జవాబు ఉంది: ఋషికీ మ్లేచ్ఛుడికీ సమానమన్నాడు, నిజమే అవుతుంది. ఆ కుర్రాడు 'నేను' అనవచ్చా, లేక 'వాళ్లు' అనే చెప్పాలా అన్నది ప్రమాణశాస్త్రం పట్టించుకోని ప్రశ్న; దానికి జవాబు చెప్పాల్సింది జనవరి 1న ఖర్సావాఁ వెళ్లేవాళ్లు, వాళ్లందరూ ఒకే జవాబు చెప్తారన్న భరోసా కూడా లేదు.